అలసంద మాట నిలబెట్టుకుంది, లూసర్న్ ముంచింది: సొంత విత్తనం మీద ఒక సందేహం

ఎనిమిది గేదెలు (శంషాబాద్ వైపు):

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మాది శంషాబాద్ దాటాక ఒక ఊరు. ఎనిమిది గేదెలు, ముప్పై గుంటల ఎర్రనేల, ఒక బోరు. తెల్లవారకముందే పాలు మెహదీపట్నం వెళ్తాయి. ఒకప్పుడు మూసీ ఒడ్డున పండే పారాగడ్డి కట్టలు కొనేవాళ్లం. అది ఏ నీళ్లతో పండుతుందో ఒకరోజు దగ్గరుండి చూశాక మానేశాను. ఇప్పుడు మేత అంతా సొంతమే. గడ్డితో ఇబ్బంది లేదు, కణుపు ముక్క నాటితే చాలు. నా గొడవంతా పప్పుజాతి పశుగ్రాసాలతో.

నాలుగేళ్ల కిందట ఒకే దుకాణంలో, ఒకే రోజున అలసంద, లూసర్న్ విత్తనాలు కొన్నాను. ఆ తరవాత అలసంద విత్తనం మళ్లీ కొనలేదు. ప్రతిసారీ ఒక సాలు కోయకుండా వదిలి, కాయ ఎండాక ఏరి, బూడిద కలిపి డబ్బాలో పోస్తున్నాను. ఆకు వెడల్పు, తీగ పొడవు, పూతకు వచ్చే రోజులు, ఏవీ మారలేదు.

లూసర్న్ దగ్గరే దెబ్బ తిన్నాను. కొన్న విత్తనంతో వేసిన మడి ఏళ్ల తరబడి కోతల మీద కోతలు ఇచ్చింది, ఇప్పటికీ ఇస్తోంది. నిరుడు మాఘంలో అందులో ఒక మూల, మంచమంత చోటు, విత్తనానికి వదిలాను. మేకలు ఒకవైపు, నెమళ్లు ఒకవైపు. మా దిక్కున నెమళ్లు ఎంత పెరిగాయంటే ఆ పేరు చెబితేనే మా ఆవిడ కర్ర అందుకుంటుంది. అందుకని నర్సరీవాళ్లు వాడే ఆకుపచ్చ నీడవల తెచ్చి పైనా, చుట్టూ బిగించి కట్టాను. కోడిపిల్ల కూడా దూరే సందు లేదు. పూత ఊదారంగులో నిండుగా వచ్చింది. కాయలు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. అంతా నలిపి చెరిగితే రెండు గుప్పెళ్ల గింజలు.

వాటిని కార్తీకంలో చల్లాను. మొలిచినవాటిలో కొన్ని తెల్లగా పాలిపోయి వారంలోనే చచ్చాయి. బతికినవి జానెడు పెరిగి ఆగిపోయాయి. పక్కనే పాత మడి మోకాలు దాటి ఊగుతోంది. అదే నేల, అదే నీరు, అదే పేడ ఎరువు.

ఇంకో సంగతి. నా దగ్గర అలసందలు రెండు రకాలు. ఒకటి మా అమ్మ తరం నుంచి ఉన్న నాటుది: తెల్లపూలు, బారెడు తీగ, ఆకు దండిగా ఉంటుంది, కానీ పల్లాకు తెగులు పట్టుకుంటుంది. రెండోది దుకాణంలో కొన్నది: ఊదాపూలు, నిలువు మొక్క, తెగులు తక్కువ. రెండూ కలిస్తే బాగుండునని సాలు విడిచి సాలు వేశాను. మూడేళ్లయింది. తెల్లది తెల్లగానే ఉంది, ఊదాది ఊదాగానే ఉంది. పక్కపక్కనే పడుకుని మాట్లాడుకోని మొగుడూ పెళ్లాల్లాగా ఉన్నాయి. జొన్నలో హైబ్రిడ్ ఉంది, మక్కలో ఉంది, అలసందలో ఎందుకు లేదు? లోపం నా చేతిదా, విత్తనానిదా?

పచ్చమడి:

సొంత విత్తనానికి రెండోసారికే సత్తువ తగ్గుతుంది, అది ప్రకృతి ధర్మం. ఏటా కొత్త ప్యాకెట్టు కొనుక్కోండి, తలనొప్పి ఉండదు.

ఎనిమిది గేదెలు:

మరి అలసందకు నాలుగేళ్లయినా సత్తువ ఎందుకు తగ్గలేదండీ?

ఎర్రదారం (అత్తాపూర్):

బాబూ, ప్యాకెట్టు సలహా పక్కన పెట్టు. నేను రాజేంద్రనగర్‌లో ఒక పరిశోధన క్షేత్రంలో ముప్పైరెండేళ్లు ఫీల్డు అసిస్టెంటుగా చేశాను. శాస్త్రవేత్తను కాను. శాస్త్రవేత్తలు కాగితం మీద గుణకారం గుర్తు పెట్టి ఇస్తే ఆ రెండు మొక్కలనూ పూవు పూవునా కలిపిన చెయ్యి నాది. ఇప్పుడు కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, దారం సూదిలోకి ఎక్కించలేను. నోరు మాత్రం బాగానే ఉంది.

నీ ప్రశ్నలోనే సగం జవాబుంది. కోడిపిల్ల దూరే సందు లేదన్నావు. కోడిపిల్ల సంగతి సరే, తేనెటీగ కూడా దూరలేదు.

రెండూ చిక్కుడు కుటుంబమే, రెంటికీ సీతాకోకచిలుక లాంటి పూవే. కానీ కాపురాలు వేరు. ముందు అలసంద చూడు. సాయంత్రం ఒక మొగ్గ కోసి గోటితో చీల్చు. పడవలాంటి రేకుల మధ్య పది కేసరాలు (పుప్పొడి ఇచ్చే మగ భాగాలు), నడుమ కీలం (ఆడ భాగం, దాని కొసే కీలాగ్రం) కనిపిస్తాయి. రాత్రి గడిచేలోపు పుప్పొడి తిత్తులు అక్కడికక్కడే పగిలి కీలాగ్రం మీద పడతాయి. తెల్లవారి పూవు విప్పుకునేసరికి లోపల పెళ్లి అయిపోయి ఉంటుంది. తరవాత వచ్చే తేనెటీగ భోజనాలకు వచ్చిన చుట్టమే, పురోహితుడు కాదు. మధ్యాహ్నానికి పూవు ముడుచుకుంటుంది. అందుకే నీ రెండు సాళ్లూ కలవలేదు. ఎక్కడో ఒకటి అరా కలిసినా నీకు తెలిసిపోయేది: ఊదా పుప్పొడి పడిన గింజను మరుసటి ఏడు వేస్తే తెల్ల సాలులో ఊదాపూల మొక్క నిలబడేది. మూడేళ్లలో ఒక్కటీ కనపడలేదంటే అలసంద తన పద్ధతి తాను పాటించింది.

లూసర్న్ పూవులో కేసరాలు, కీలం కలిసి ఒక కాడలా బిగుసుకుని, రేకుల కింద ఎలుకల బోను స్ప్రింగులా వంగి ఉంటాయి. ఈగ (నేననేది తేనెటీగ జాతివాటిని) వచ్చి రేకు మీద వాలి బరువు వేస్తేనే అది టక్కున లేచి పై రేకుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు కీలాగ్రం మీది పొర చిట్లుతుంది, ఈగ ఒంటి మీద ఉన్న పక్క మొక్క పుప్పొడి దానికి అంటుకుంటుంది. మా క్షేత్రంలో దీన్ని 'ట్రిప్పింగ్' అనేవారు, మేము 'పేలడం' అనేవాళ్లం. మామూలు తేనెటీగకు ఈ దెబ్బ తలకు తగులుతుంది. రెండుమూడుసార్లు తిన్నాక అది తెలివి నేర్చుకుని, పక్కసందులోంచి నాలుక పెట్టి తేనె దొంగిలించి పోతుంది, పూవు పేలదు. ఈ పనికి గట్టిది ఆకుకత్తెర ఈగ. గులాబీ ఆకుల అంచును, కంది ఆకుల అంచును గుండ్రంగా బిళ్లలు కోసుకుపోతుంది చూడు, అదే. దాన్ని చూసి మందు కొట్టేవాళ్లున్నారు, వాళ్లకు దణ్ణం.

నీ వలలోకి ఏ ఈగా రాలేదు. మరి ఆ రెండు గుప్పెళ్లు ఎలా వచ్చాయి? ఎండకు, గాలికి కొన్ని పూలు వాటంతటవే పేలతాయి. అప్పుడు కీలానికి దొరికేది తన పుప్పొడే. నువ్వు ఏరుకున్న గింజలు దాదాపు అన్నీ అలాంటివే. మనం మేనరికానికే భయపడతాం, ఇది మేనరికం కూడా కాదు, తనను తాను పెళ్లాడటం. ప్రతి లూసర్న్ మొక్కా కొన్ని చెడ్డ గుణాలను కడుపులో దాచుకుని ఉంటుంది. పక్క మొక్కతో కలిస్తే అవి అణిగి ఉంటాయి. తనతో తానే కలిస్తే తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే లోపం వచ్చి బయటపడుతుంది. నువ్వు చూసిన తెల్ల మొలకలు అవే. ఆకుపచ్చ చేసుకోవడం రాని పిల్లలు, గింజలో ఉన్న పాలు అయిపోగానే పోయాయి.

అలసందకు ఈ బాధ ఎందుకు లేదంటే, అది ఎన్ని వేల తరాల నుంచో తనలో తానే గింజ కడుతోంది. అలాంటి పిల్లలు ఎప్పుడో పుట్టి ఎప్పుడో పోయారు. ప్రతి తరానికీ కలగలుపు, అంటే తల్లి నుంచి ఒక గుణం, తండ్రి నుంచి వేరే గుణం కలిసి ఉండటం, సగం తగ్గుతుంది, లూసర్న్‌కైనా అంతే. మిగిలినవి తమతో తాము బతకగలిగేవే.

విత్తన ధ్రువీకరణ నియమాలు చూసినా ఈ తేడా తెలుస్తుంది. అలసంద పునాది విత్తనం (రైతు విత్తనానికి మూలంగా పండించేది) చేనుకూ వేరే రకం చేనుకూ మధ్య 10 మీటర్ల దూరం ఉంటే చాలు. లూసర్న్‌కు 400 మీటర్లు కావాలి. నాకు చాలాకాలం ఆ రెండంకెలే పాఠ్యపుస్తకం.

మిగతా మేతల సంగతీ చెప్తాను, లేకపోతే మళ్లీ వలలు కట్టుకుని కూర్చుంటావు. పిల్లిపెసర, ఉలవ, స్టైలో, దశరథ గడ్డి చాలావరకు అలసంద బాటే, సొంత విత్తనం నిశ్చింతగా పెట్టుకో. జనుము అలా కాదు, పెద్ద నల్ల తుమ్మెద వాలితే గానీ కాయ సరిగా పట్టదు. బర్సీం తన పుప్పొడిని తాను ఒప్పుకుంటుంది గానీ ఈగ వచ్చి కదిలిస్తే గింజ బాగా కడుతుంది.

ఇక హైబ్రిడ్ సంగతి. జొన్న కూడా చాలావరకు సొంత పుప్పొడితో గింజ కట్టే పంటే. కానీ దాంట్లో పుప్పొడి రాని తల్లి వరుస దొరికింది, తండ్రి పుప్పొడిని గాలి మోసుకొచ్చింది. అలా 1964లో సీఎస్‌హెచ్-1 అనే జొన్న హైబ్రిడ్ వచ్చింది. పప్పుల్లో ఆ పని కందిలో కుదిరింది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఐసీపీహెచ్-8 అనే కంది హైబ్రిడ్ ఇచ్చింది 1991లో, అడవి కంది నుంచి పుప్పొడి రాని గుణం తెచ్చి చేసిన ఐసీపీహెచ్-2671 విడుదలైంది 2010లో. కందిపూల మీదికి ఈగలు ఎగబడతాయి కాబట్టి అక్కడ సాగింది. అలసందలో పుప్పొడి రాని మొక్క దొరికినా, ఒక మొక్క నుంచి ఇంకోదానికి సరిపడా మోసేవాళ్లు లేరు. గాలికి ఆ పుప్పొడి ఎగరదు, బంకగా ఉంటుంది. పూవు పూవునా చేత్తో కలిపితే కాయకు పదో పన్నెండో గింజలు. ఎకరానికి కిలోల లెక్కన విత్తనం కావాలి. ఎవరు కలుపుతారు, ఏ ధరకు అమ్ముతారు?

కానీ నీకు కావలసింది హైబ్రిడ్ కాదు. నాటుదాని ఆకు, కొన్నదాని తెగులు ఓర్పు ఒక్క మొక్కలో కావాలి. అది ఒక్క కాయతో మొదలవుతుంది.

తెల్లపూలది తల్లి, ఊదాది తండ్రి. తిరగేసి చెయ్యకు, కారణం చివర చెప్తాను. సాయంత్రం ఐదు దాటాక తెల్లదాంట్లో మరుసటి ఉదయం విచ్చే మొగ్గ చూడు. ఉబ్బి, రేకు రంగు బయటకు తొంగిచూస్తూ ఉంటుంది. మరీ పెద్దదైతే లోపల పని అయిపోయి ఉంటుంది, మరీ చిన్నదైతే విరుగుతుంది. ఇది చెప్పి నేర్పేది కాదు, యాభై మొగ్గలు పాడుచేసుకో. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, రేకులను ఒకవైపు గోటితో చీల్చి, సన్నమొన ఫోర్సెప్స్‌తో కేసరాలు లాగెయ్యి. తొమ్మిది కలిసి ఉంటాయి, ఒకటి విడిగా ఉంటుంది. ఆ విడిదాన్నే అందరూ మరిచిపోతారు. పది లెక్కపెట్టుకో. నడుమ కీలం విరిగిందా, ఆ మొగ్గ వదిలెయ్యి. ఆ గుత్తిలో మిగతా మొగ్గలు తుంచి, కాడకు ఎర్రదారం కట్టు. దారం ముందే కట్టాలి, తరవాత కడదామనుకుంటే ఏ మొగ్గో తెలియదు.

మరునాడు ఎనిమిదిలోపు అప్పుడే విచ్చిన ఊదాపూవు కోసి రేకులు వలిచెయ్యి. దాని కీలం చివర సన్నని నూగు ఉంటుంది, దానికి పసుపురంగు పుప్పొడి అంటుకుని ఉంటుంది. అదే నీ కుంచె. తెల్లదాని కీలాగ్రానికి మెల్లగా రాయి, అంతే. ఎండ ఎక్కితే నిలవదు. నా మంచి రోజుల్లో ఇరవై పూలకు ఐదారు కాయలు నిలిచేవి, చెడ్డరోజుల్లో ఒకటీ ఉండేది కాదు. చేతులకు సిగరెట్టు వాసన ఉంటే కాయ నిలవదని మా పెద్ద అసిస్టెంటు అనేవాడు. నిజమో కాదో గానీ ఆయన పక్కన పనిచేసిన మేమందరం సిగరెట్టు మానేశాం.

ఆ కాయలోని గింజలు వేస్తే వచ్చే మొక్కలకు ఊదాపూలు రావాలి. ఊదా గుణానిది పైచేయి. తెల్లపూలు వచ్చాయంటే నువ్వు తీయని కేసరం ఏదో పని కానిచ్చిందన్నమాట. తెల్లది తల్లిగా పెట్టమన్నది ఇందుకే, నీ అబద్ధాన్ని పూవే పట్టిస్తుంది. తరవాతి పంటలో అన్ని రకాలూ విడిపోతాయి: తీగవి, పొట్టివి, తెగులువి, లేనివి. నీకు నచ్చిన మొక్కల గింజ మొక్క మొక్కకు వేరే కాగితంలో పొట్లం కట్టు. ఇక నువ్వు చెయ్యాల్సిన పని ఏరడం ఒక్కటే. రెండో తరంలో కలగలుపు సగం, మూడులో పావు, అలా ఆరో తరానికి 3 శాతం చిల్లర. అలసంద తన సంసారం తానే చేసుకుంటుంది కాబట్టి ఆ స్థిరపరిచే పనికి కూలీ లేదు. ఏడాదికి రెండు పంటలు వేస్తే మూడేళ్ల పని.

ఒక చిక్కు మాత్రం గుర్తుపెట్టుకో. మేతకు మంచి మొక్క ఆలస్యంగా పూస్తుంది, గింజ తక్కువ ఇస్తుంది. గింజ బాగా ఇచ్చేది తొందరగా ముదిరి గేదెకు పుల్లలే మిగులుస్తుంది. మా క్షేత్రంలో ఎన్నో మంచి వరుసలు ఇక్కడే పోయాయి. ఆకు చూసి మురిసి, సంచిలో గింజ లేక వదిలేసేవారు. ఏరేటప్పుడు రెండు కళ్లూ తెరిచి ఏరు.

నాలుగు ముక్కలు (పరిశోధక విద్యార్థిని):

సార్, మీ టపా మా ప్రయోగశాలలో అందరం చదివాం. ఒక్కచోట చిన్న సవరణ. ప్రతి తరానికీ కలగలుపు సగం తగ్గడం అలసందకు సరిపోతుంది, లూసర్న్‌కు కాదు. అలసందలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు, లూసర్న్‌లో నాలుగు. దాని క్రోమోజోములు 32, నాలుగు సెట్లు.

పేకముక్కలతో చెప్తాను. ఒక మంచి లూసర్న్ మొక్క చేతిలో ఇస్పేటు, ఆటీను, డైమండు, కళావరు నాలుగూ ఉన్నాయనుకోండి. పుప్పొడిలోకి రెండు ముక్కలు, అండంలోకి రెండు ముక్కలు వెళ్తాయి. జంటలు ఆరు రకాలు. తనతో తానే కలిస్తే బిడ్డకు మళ్లీ నాలుగు రంగులూ రావాలంటే పుప్పొడిలో లేని రెండే అండంలో ఉండాలి. ఆ అవకాశం ఆరింట ఒకటి. అంటే ఒక్క తరంలోనే ఆరుగురు పిల్లల్లో ఐదుగురు ఏదో ఒక రంగు పోగొట్టుకుంటారు. అచ్చంగా ఒకే రంగు నాలుగు ముక్కలు రావడానికి మాత్రం చాలా తరాలు పడుతుంది. అందుకే లూసర్న్‌ను అలసందలా శుద్ధవరుస (తరతరానికీ మారని ఒకే అచ్చు) చేయడం కష్టం, సత్తువ మాత్రం మొదటి తరంలోనే పడిపోతుంది. రెండు దెబ్బలూ దానికే. లూసర్న్ రకాలను తయారుచేసేవాళ్లు ఒక్క మొక్కను నమ్ముకోరు. మంచివి పరీక్షించి ఏరి, ఒకచోట నాటి, ఈగలతో కలవనిచ్చి, ఆ మిశ్రమ విత్తనాన్నే రకంగా ఇస్తారు.

అన్నా, మీరు వల కట్టి చేసిన పని డార్విన్ కావాలని చేశాడు. ఎర్ర క్లోవర్ అనే పప్పుజాతి మేతలో 100 పూగుత్తులను వదిలేస్తే 2,700 గింజలు వచ్చాయి. మరో 100 గుత్తులకు ఈగలు రాకుండా అడ్డుపెడితే ఒక్క గింజా రాలేదు. మీకు రెండు గుప్పెళ్లు వచ్చాయంటే మీ లూసర్న్ ఇంకా ఉదారమైనదే. అదే క్లోవర్ కోసం న్యూజిలాండ్‌వాళ్లు 1885లో ఇంగ్లండ్ నుంచి బొద్దు తేనెటీగలను ఓడలో తెప్పించుకున్నారు.

ఇంకొక మాట. తనలో తానే గింజ కట్టే పంటకూ ఒక ప్రమాదం ఉంది: చేనంతా ఒకే అచ్చు. ఆస్ట్రేలియా ఉత్తరాన టౌన్స్‌విల్ స్టైలో అనే రకం విస్తారంగా ఉండేది. 1970 దశకంలో ఆకుమచ్చ తెగులు వచ్చి ఆ బీళ్లను దాదాపు ఊడ్చిపెట్టేసింది. మీ అమ్మగారి నాటు అలసందను మాత్రం వదలకండి. కొత్తది వచ్చినా అది విడిగా ఒక డబ్బాలో ఉండాలి.

ఎర్రదారం:

అమ్మా, ముప్పైరెండేళ్లు పనిచేశాను, పేకముక్కల లెక్క ఎవరూ చెప్పలేదు. పేక పట్టుకున్నందుకు ఒకసారి మెమో మాత్రం ఇచ్చారు. సవరణ ఒప్పుకుంటున్నాను.

ఊడ్చిపెట్టడం అంటే స్టైలో గురించి నాకు గుర్తొచ్చేది చీపురే. దాని గింజ పండగానే రాలిపోతుంది. అనంతపురం జిల్లాలో ఆడవాళ్లు చేలో నేలంతా ఊడ్చి, మట్టి చెరిగి విత్తనం తీసేవాళ్లు. ఒకసారి మమ్మల్ని తీసుకెళ్లి చూపించారు. ఆ దుమ్ములోంచి అంత శుభ్రమైన గింజ ఎలా తీశారో ఇప్పటికీ అర్థం కాదు.

బాబూ, లూసర్న్‌కు ఇప్పుడు చెయ్యాల్సింది: వల పీకెయ్యి. మేకలకు నడుమెత్తు కంచె చాలు. నెమళ్లకు మీ ఆవిడ ఉంది. పాత మడిలో ఒక మూల కాదు, ఒక పక్క పొడవునా వదులు, చాలా మొక్కల నుంచి గింజ రావాలి. పూత మీద మందు కొట్టకు. పసుపుదారంలా చుట్టుకునే బంగారు తీగ కనిపిస్తే అది చుట్టుకున్న మొక్కతో సహా కోసి తగలబెట్టు. దాని గింజ లూసర్న్ గింజలో కలిసిందంటే జల్లెడ కూడా విడదీయలేదు. జానెడు పిల్లలను మాత్రం గేదెలకు వేసెయ్యి, జాలిపడి విత్తనానికి ఉంచకు.

ఎనిమిది గేదెలు (రెండు నెలల తరవాత):

బాబాయ్ గారూ, చెల్లీ, ఆలస్యానికి మన్నించండి. రెండు గేదెలు ఈనాయి, తీరిక లేదు.

వల తీసేశాను. మొదటి వారం ఏమీ కనిపించలేదు. తరవాత ఒక చిన్న ఈగ, పొట్ట కింద పసుపు పూసుకున్నట్టు ఉంది, పూవు పూవు మీదా వాలుతోంది. అది వాలిన ప్రతిచోటా పూవు లోపలిది పైకి లేచి కనిపిస్తోంది. మా అబ్బాయి స్కూలుకు వెళ్లకుండా గంటసేపు దాన్నే చూశాడు. గింజ కాయలు మెలితిరిగి గుత్తులుగా పట్టాయి, ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

అలసంద: మొత్తం 43 మొగ్గలు పాడుచేశాను. తరవాత 22 పూలు కలిపాను. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని దారం కట్టింది, పది లెక్కపెట్టావా అని ప్రతిసారీ అడిగింది. మూడు కాయలు నిలిచాయి. నిన్న గాలివానకు ఒకటి రాలింది, లేతగానే ఉంది. రెండున్నాయి.

ఎర్రదారం:

ఎండిపోయి చిట్లేదాకా ఆగకు, రంగు తిరగగానే కోసి నీడలో పెట్టు. ఏ కాయలో ఎన్ని గింజలో రాయి.

ఎనిమిది గేదెలు:

ఒకదాంట్లో 9, ఇంకోదాంట్లో 6. అమ్మ పసుపు డబ్బా ఖాళీ చేసి అందులో పెట్టింది. తొలకరికి వేస్తాను, పూలు రాగానే రంగు చెప్తాను.